షార్ట్ సైటేషన్లు: ఇడ్, ఇబిడ్, సుప్రా ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఫుల్ సైటేషన్, అంటే ఒక తీర్పో పుస్తకమో ఎక్కడ దొరుకుతుందో చూపించే పూర్తి వివరం, రాయడం అందరికీ ఎలాగోలా వచ్చేస్తుంది. కేసు పేరు, వాల్యూమ్, రిపోర్టర్ (తీర్పులు అచ్చువేసే సంపుటాల పేరు), పేజీ, సంవత్సరం... ఏ స్టైలైనా కొన్నాళ్లు తిప్పలు పడితే చేతికి అలవాటవుతుంది. చిక్కంతా అదే తీర్పు రెండోసారి వచ్చినప్పుడే. అప్పుడు రాసే చిన్న రూపమే షార్ట్ సైటేషన్: ఇడ్, ఇబిడ్ అంటే సరిగ్గా పైన చెప్పిన ఆధారమే అని, సుప్రా అంటే ముందెక్కడో చెప్పినదే అని. కొందరు ఎందుకొచ్చిన గొడవ అని ప్రతిసారీ ఫుల్ సైటేషనే మళ్లీ మళ్లీ దింపేస్తారు, వాదన ఎక్కడుందో చదివేవాళ్లు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంకొందరు ఒకసారి చెప్పేశాం కదా అని ఆ తర్వాత పది పేజీలూ ఇబిడ్, సుప్రా, ఇబిడ్, సుప్రా అంటూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెళ్లిపోతారు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. మొదటిదానితో విసుగొస్తుంది అంతే, రెండోదానితో తప్పు తీర్పు తెరుచుకుంటుంది.

ముందే ఒక మాట. కింద ఉదాహరణలన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీ డాక్యుమెంట్‌లో అవి ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇటాలిక్స్ కూడా ఇక్కడ పెట్టడం లేదు, మీ స్టైల్ గైడ్ అడిగినచోట మీరు పెట్టుకోండి.

షార్ట్ ఫామ్ బాగుందా లేదా అని చూడటానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది ఏ తీర్పో, ఏ చట్టమో ఇంకో అర్థానికి తావు లేకుండా తెలుస్తోందా? దీని ఫుల్ సైటేషన్ పెద్దగా వెతక్కుండా దొరుకుతుందా? ఏ పేజీ లేదా ఏ పేరా చూడాలో ఉందా? మూడింటికీ అవును అని వస్తే ఆ షార్ట్ ఫామ్ పనికొస్తుంది, కామా ఎక్కడ పెట్టారన్నది తర్వాతి సంగతి. ఒక్కదానికి కాదు అని వచ్చినా సరే, ఎంత అందంగా ఫార్మాట్ చేసినా లాభం లేదు. మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. రెండు వందల పేజీల తీర్పుకి "సుప్రా" అని ఊరుకుంటే, వెళ్లి మొత్తం చదువుకోండి అని జడ్జిగారికి చెప్పినట్టే.

ఇక అసలు పనిలోకి వద్దాం. బ్లూబుక్ (అమెరికాలో వాడే సైటేషన్ గైడ్) పద్ధతిలో రాసే ఫుట్‌నోట్లు ఇలా ఉన్నాయనుకోండి:

12. బ్రౌన్ వి. బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్, 347 యు.ఎస్. 483, 495 (1954).
13. ఇడ్.
14. ఇడ్. ఎట్ 493.
15. మిరాండా వి. అరిజోనా, 384 యు.ఎస్. 436, 444 (1966).
16. బ్రౌన్, 347 యు.ఎస్. ఎట్ 495.

ఈ ఐదు లైన్లు అర్థమైతే సగం పని అయిపోయినట్టే. 13లో ఉత్త "ఇడ్." ఉందంటే అదే తీర్పు, అదే పేజీ, అంటే 495. 14లో తీర్పు అదే కానీ పేజీ మారింది, అందుకే "ఎట్ 493" వచ్చింది. 16కి వచ్చేసరికి మధ్యలో మిరాండా దూరింది కాబట్టి ఇడ్ పనికిరాదు, కేసు పేరులో ఒక ముక్క, వాల్యూమ్, రిపోర్టర్, "ఎట్", పేజీ రాయాలి. ఇక్కడ ఒకటి గమనించండి, తీర్పు మొదలయ్యే పేజీ 483 షార్ట్ ఫామ్‌లో ఎక్కడా లేదు, సంవత్సరమూ లేదు. "347 యు.ఎస్. 483 ఎట్ 495" అని రాసేవాళ్లు చాలామంది. అది ఫుల్లూ కాదు, షార్టూ కాదు.

ఇడ్ చివర చుక్క పెట్టడం మర్చిపోవద్దు, ఇటాలిక్స్ ఆ చుక్కకి కూడా వర్తిస్తాయి. సైటేషన్ వాక్యం మొదట్లో వస్తే పెద్దక్షరం, "సీ" (చూడండి) లాంటి సిగ్నల్ తర్వాత వస్తే చిన్నక్షరం. పేజీకైతే "ఎట్" కావాలి, సెక్షన్‌కి గానీ పేరా గుర్తుకి గానీ అక్కర్లేదు. అంటే 42 యు.ఎస్.సి. § 1983 (అమెరికా ఫెడరల్ చట్టాల సంపుటిలో ఒక సెక్షన్) చెప్పిన వెంటనే 1985కి వెళ్లాలంటే "ఇడ్. § 1985" చాలు, మధ్యలో ఎట్ పెడితే తప్పు.

ఇడ్ వాడకూడని చోట్లు రెండు బాగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, ముందు ఫుట్‌నోట్‌లో ఒకటి కంటే ఎక్కువ ఆధారాలున్నప్పుడు. ఫుట్‌నోట్ 20లో బ్రౌన్, మిరాండా రెండూ ఉంటే 21లో ఇడ్ అన్నది వాటిలో దేన్ని చూపిస్తుంది? చివరిదాన్నే అని మీరనుకుంటారు, చదివేవాళ్లు అనుకోవాలని ఎక్కడుంది? అందుకే అక్కడ ఇడ్ నిషిద్ధం. రెండోది చోటు కంటే లెక్కకి సంబంధించింది. ఒక తీర్పుని సైట్ చేసి, బ్రాకెట్‌లో అది ఫలానా పాత తీర్పుని కోట్ చేసిందని రాశారనుకోండి, తర్వాత వచ్చే ఇడ్ బయటి తీర్పుకే వర్తిస్తుంది, బ్రాకెట్‌లో ఉన్నదానికి కాదు. మీకు కావాల్సింది లోపలిదైతే దానికి విడిగా సైటేషన్ ఇవ్వాల్సిందే.

ఇడ్‌ని ఎందుకు అనుమానంగా చూడాలో పై ఉదాహరణతోనే చెప్తాను. 12 నుంచి 16 దాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డ్రాఫ్ట్ సీనియర్ దగ్గరికి వెళ్లింది, ఆయన 13కీ 14కీ మధ్య ఒక వాక్యం చేర్చి దానికి మిరాండా ఫుట్‌నోట్ పెట్టారు. నంబర్లు వర్డ్ తనే మార్చేసింది, ఎక్కడా ఎర్ర గీత లేదు. కానీ ఇప్పుడు "ఇడ్. ఎట్ 493" మిరాండా 493వ పేజీని చూపిస్తోంది. బ్రౌన్ తీర్పు 483లో మొదలై పద్నాలుగు పేజీల్లో ముగుస్తుంది, మిరాండా 436లో మొదలై డిసెంట్లతో (మెజారిటీతో విభేదించిన జడ్జీల అభిప్రాయాలతో) కలిపి 500 దాటుతుంది, అంటే 493వ పేజీ మిరాండాలోనూ ఉంది. స్కూళ్ల గురించి చెప్పిన మాటకి ఆధారం కోసం వెళ్లిన మనిషికి పోలీసు ఇంటరాగేషన్ పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీ అసలు లేకపోతే కనీసం ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు, ఉంది కాబట్టి పట్టుకునేది అవతలి పక్షం లాయరే.

అందుకని నా పద్ధతి ఒకటే. డ్రాఫ్ట్ నడుస్తున్నంత కాలం ఇడ్, ఇబిడ్ రాయను, ఎవరినీ రాయనివ్వను. ప్రతి ఫుట్‌నోట్‌లో "బ్రౌన్, 347 యు.ఎస్. ఎట్ 493" లాంటి, ఎక్కడికి జరిపినా చెడిపోని షార్ట్ ఫామే ఉండాలి. పేరాలు అటూ ఇటూ మారడం పూర్తయి, ఇక ఎవరూ ముట్టుకోరు అని తేలాక చివరి రోజున ఒక్క ఊపులో పై నుంచి కిందకి వెళ్తూ, కుదిరినచోట ఇడ్‌గా మారుస్తాం. అప్పటికీ టైం లేకపోతే మార్చకుండా వదిలేయండి. ఇడ్ పెట్టాల్సిన చోట మామూలు షార్ట్ ఫామ్ ఉందని కేసు ఓడిపోయినవాళ్లు లేరు. మూట్‌లో (లా విద్యార్థుల నమూనా కోర్టు పోటీలో) ఒకట్రెండు మార్కులు పోతాయేమో, తప్పు పేజీ చూపించి పోగొట్టుకునే దాని కంటే అది నయం.

ఇబిడ్ సంగతికొస్తే, ఇక్కడే స్టైల్ గైడ్‌లు ఒకదానికొకటి పొసగవు. ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో ఇబిడ్, ఇడ్ రెండూ ఉంటాయి, పనులు వేరు. అదే ఆధారం అదే పేజీ అయితే ఇబిడ్, అదే ఆధారం పేజీ వేరైతే "ఇడ్. ఎట్ 30". బ్లూబుక్‌లో రెండు పనులకీ ఇడ్ ఒక్కటే. ఇంగ్లండ్‌లో నడిచే ఆస్కోలా నాలుగో ఎడిషన్‌లో ఇడ్ లేదు, సుప్రా లేదు, ఇన్‌ఫ్రా లేదు, ఇబిడ్ మాత్రం ఉంది, అదీ చుక్క లేకుండా, ఇటాలిక్స్ లేకుండా. ఆస్కోలాలో ఇలా వస్తుంది:

3. డొనహ్యూ వి స్టీవెన్‌సన్ [1932] ఏసీ 562 (హెచ్ఎల్).
4. ఇబిడ్ 580.
9. డొనహ్యూ (ఎన్ 3) 580.

"ఎట్" లేదు, కామా లేదు, "వి" తర్వాత చుక్క కూడా లేదు. (ఎన్ 3) అంటే ఫుల్ సైటేషన్ మూడో ఫుట్‌నోట్‌లో ఉంది, అక్కడ చూడండి అని. నాకు వ్యక్తిగతంగా ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది కాబట్టి. కానీ నచ్చింది కదా అని బ్లూబుక్ అడిగిన చోట ఇది పెట్టలేం. మూట్ రూల్స్, జర్నల్ సబ్మిషన్ గైడ్‌లైన్స్, యూనివర్సిటీ డిసర్టేషన్ హ్యాండ్‌బుక్, ఏది వర్తిస్తే అది ముందు చదివి, అందులో ఏ స్టైల్ ఏ ఎడిషన్ అన్నారో చూసుకుని మొదలుపెట్టండి. మూడు గైడ్‌లు కలిపి వండిన మెమోరియల్స్ (మూట్ టీమ్‌లు ఇచ్చే రాతపూర్వక వాదనలు) బోలెడు వస్తుంటాయి, ఫుట్‌నోట్ 8లో "ఇబిడ్.", 11లో "(ఎన్ 8)", 15లో "సుప్రా నోట్ 8". మూడు ఫుట్‌నోట్లు చదివేసరికి ఆ టీమ్‌లో ఎవరు ఏ ఇష్యూ రాశారో కూడా చెప్పేయొచ్చు.

ఇప్పుడు సుప్రా. మన దగ్గర అతిగా వాడేది ఇదే. బ్లూబుక్ ప్రకారం సుప్రా పుస్తకాలకి, వ్యాసాలకి, రిపోర్టులకి. తీర్పులకీ, చట్టాలకీ, రాజ్యాంగాలకీ మామూలుగా వాడకూడదు. రచయిత ఇంటిపేరు, సుప్రా నోట్ 4, ఎట్ 210 అని రాస్తాం. ఒకే రచయితవి రెండు పుస్తకాలుంటే పేరు ఒక్కటే సరిపోదు, పుస్తకం పేరులోంచి ఓ రెండు మాటలు కూడా చేర్చాలి. పేరు మరీ పొడుగ్గా ఉన్న రిపోర్టైతే మొదటి ఫుల్ సైటేషన్ చివర చదరపు బ్రాకెట్‌లో "హియర్‌ఇన్‌ఆఫ్టర్" అని చిన్న పేరు పెట్టుకోవచ్చు. ముందుముందు రాబోయేదాన్ని చూపించే ఇన్‌ఫ్రా కూడా ఉంది, వీలైనంతవరకు జోలికి పోకండి.

మరి మన కోర్టుల్లో? మన సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులు ఏది తెరిచినా "మేనకా గాంధీ (సుప్రా)" అని కనిపిస్తుంది. అది తప్పేం కాదు, ఇక్కడ స్థిరపడిపోయిన అలవాటు. రిటన్ సబ్మిషన్స్‌లో మీరూ ధైర్యంగా వాడండి, బ్లూబుక్ ఒప్పుకోదని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. అదే బ్లూబుక్ స్టైల్ జర్నల్‌కి వ్యాసం పంపేటప్పుడు మాత్రం కేసు పక్కన సుప్రా కనిపించకూడదు. ఎవరు చదువుతారన్నదాన్ని బట్టే ఏ అలవాటు సరైనదో తేలుతుంది. కాకపోతే మన "(సుప్రా)"తో ఒక ఇబ్బంది ఉంది. ఫుట్‌నోట్ నంబర్ ఉండదు కాబట్టి ఫుల్ సైటేషన్ ఎక్కడుందో తెలీదు. పదిహేను పేజీల సబ్మిషన్‌లో పర్లేదు, వెనక్కి తిప్పితే దొరుకుతుంది. వంద పేజీలు దాటినప్పుడు "మేనకా గాంధీ (సుప్రా, పైన పేరా 14)" అని మీ డాక్యుమెంట్ పేరా నంబర్ కూడా ఇవ్వండి. ఇంకా మంచిది, కంపైలేషన్ (కోర్టుకి ఇచ్చే తీర్పుల కట్ట) పేజీ నంబర్ ఇవ్వండి: "మేనకా గాంధీ (సుప్రా), పేరా 7, కంపైలేషన్ పేజీ 112". బెంచ్ మీద ఉన్నవాళ్లకి కావాల్సింది ఆ 112 నంబరే, మిగతావన్నీ రికార్డు కోసం.

పేరులో ఏ ముక్క ఉంచాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎక్కువ తప్పులు ఇక్కడే. ప్రభుత్వం పేరు ఎప్పుడూ వద్దు. యునైటెడ్ స్టేట్స్ వి. నిక్సన్‌ని నిక్సన్ అనాలి, యునైటెడ్ స్టేట్స్ అంటే వేల కేసులున్నాయి. మన దగ్గర యూనియన్ ఆఫ్ ఇండియా, స్టేట్ ఆఫ్ ఫలానా, కమిషనర్ ఆఫ్ ఇన్‌కమ్ ట్యాక్స్, ఇవన్నీ అదే బాపతు. ప్రభుత్వం కాని పక్షం పేరే వాడండి. అయితే బ్లూబుక్ అలవాటులో ఇంటిపేరు ఒక్కటే ఉంచే పద్ధతిని మన పేర్లకి గుడ్డిగా అంటించకండి. అర్నేష్ కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ బిహార్‌ని "కుమార్ (సుప్రా)" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, కోర్టులో అందరూ అర్నేష్ కుమార్ అనే అంటారు, మీరూ అదే రాయండి. లలితా కుమారి కూడా అంతే. కె.ఎస్. పుట్టస్వామి మాత్రం పుట్టస్వామి అంటే చాలు. కేశవానంద భారతిని కొందరు కేశవానంద అంటారు, కొందరు పూర్తిగా అంటారు, రెండూ సరే, కానీ ఒక డాక్యుమెంట్‌లో ఒకటే ఉండాలి.

పేరు ఒకటే, తీర్పులు వేరైతే కథ మారుతుంది. పుట్టస్వామి అన్నారు, ఏ పుట్టస్వామి? ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీలు చెప్పిన 2017 నాటిదా, (2017) 10 ఎస్‌సీసీ 1 (ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్ట్ కేసెస్ అనే రిపోర్టర్), లేక ఆధార్ చట్టం గురించి 2018లో వచ్చినదా, (2019) 1 ఎస్‌సీసీ 1? పేరు, ప్రతివాది, విషయం కూడా దగ్గరదగ్గరవే. ఆధార్ మీద వాదనలో రెండూ పక్కపక్కనే వస్తాయి. ఎం.సి. మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అయితే మరీను, గంగా కాలుష్యం ఒకటి, ఓలియం గ్యాస్ లీక్ ఒకటి, తాజ్ ట్రపీజియం ఒకటి, ఇంకా చాలా ఉన్నాయి. "ఎం.సి. మెహతా (సుప్రా)" అని పర్యావరణం కేసులో రాశారంటే లాటరీ టికెట్ ఇచ్చినట్టే. దీనికి మందు మొదటి సైటేషన్ దగ్గరే వేయాలి. ఫుల్ సైటేషన్ అయ్యాక బ్రాకెట్‌లో మీరు వాడబోయే పేరు పెట్టండి:

కె.ఎస్. పుట్టస్వామి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, (2017) 10 ఎస్‌సీసీ 1 ("పుట్టస్వామి ప్రైవసీ")
కె.ఎస్. పుట్టస్వామి వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, (2019) 1 ఎస్‌సీసీ 1 ("పుట్టస్వామి ఆధార్")
ఎం.సి. మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, (1987) 1 ఎస్‌సీసీ 395 ("ఓలియం గ్యాస్ కేసు")

అమెరికన్ లాయర్లు బ్రౌన్ ఒకటి, బ్రౌన్ రెండు అని అంకెలు వేసేది కూడా ఇందుకే, 1954లో ఒక తీర్పు, అమలు ఎలా చేయాలో చెప్పిన 1955 తీర్పు మరొకటి, 349 యు.ఎస్. 294. అంకెలు బాగా స్థిరపడిన కేసులకి పర్లేదు గానీ మీరు సొంతంగా మెహతా ఒకటి, మెహతా రెండు అని వేస్తే అవి మీ డాక్యుమెంట్ బయట ఎవరికీ తెలియవు. విషయం పేరు పెడితే చదివేవాళ్లకి గుర్తుంటుంది.

చాలా అభిప్రాయాలున్న తీర్పులకి ఇంకో చిన్న చిక్కు. కేశవానంద భారతిలో పదమూడు మంది జడ్జీలు, పదకొండు విడి తీర్పులు, ఫలితం 7-6. అలాంటిదానికి "కేశవానంద, పేరా ఇంత" అంటే ఆ మాట మెజారిటీలో ఎవరిదో, డిసెంట్‌లో ఎవరిదో తేలదు. పేరా పక్కన జడ్జిగారి పేరు కూడా ఉండాలి, షార్ట్ ఫామ్ అయినా సరే. పుట్టస్వామి 2017 తీర్పులో ఆరు అభిప్రాయాలు, కోర్టు వెబ్‌సైట్ నుంచి దించుకున్న పీడీఎఫ్‌లో ఎవరి అభిప్రాయానికి వాళ్ల పేరా నంబర్లు, ఎస్‌సీసీలో మాత్రం వరస నంబర్లు. ఒకచోట పీడీఎఫ్ చూసి, ఇంకోచోట ఎస్‌సీసీ చూసి పేరా నంబర్లు వేశారంటే ఒకే షార్ట్ ఫామ్‌తో రెండు వేర్వేరు లెక్కలు నడుస్తున్నట్టు. మొదటి సైటేషన్‌లో ఏ రిపోర్టర్ ఇచ్చారో పేరాలన్నీ దాని నుంచే తీసుకోండి. 2023 నుంచి సుప్రీంకోర్టు ఐఎన్ఎస్‌సీ అనే న్యూట్రల్ సైటేషన్ ఇస్తోంది, అది వాడితే పేరా నంబర్లు తీర్పు ఒరిజినల్‌వే వేయాలి.

చట్టాల దగ్గర పని తేలిక, ప్రమాదం మాత్రం ఈమధ్య పెరిగింది. మామూలుగా మొదటిసారి చట్టం పూర్తి పేరు, సంవత్సరం, బ్రాకెట్‌లో చిన్న పేరు, ఆ తర్వాత "సెక్షన్ 138, ఎన్ఐ యాక్ట్" (ఎన్ఐ అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్). ఆస్కోలాలో కూడా అంతే, హ్యూమన్ రైట్స్ యాక్ట్ 1998ని మొదటిసారి చెప్పి హెచ్ఆర్ఏ 1998 అని పెట్టుకుంటారు. రాజ్యాంగానికి షార్ట్ ఫామ్ అంటూ వెతకొద్దు, ఆర్టికల్ 21 అంటే చాలు. చట్టం పేరు వదిలేసి ఉత్త సెక్షన్ నంబర్ రాసే అలవాటుతోనే ఇప్పుడు ఇబ్బంది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది కదా, పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు ఇన్‌హెరెంట్ పవర్స్ (స్వతఃసిద్ధ అధికారాలు), కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. పాత 482 కొత్తదాంట్లో 528 అయింది, ముందస్తు బెయిల్ పాత నంబర్ 438. ఒకే పిటిషన్‌లో పాత తీర్పులూ కొత్త సెక్షన్లూ కలిసి వస్తాయి కాబట్టి "సెక్షన్ 482 కింద" అని ఊరికే రాస్తే చదివేవాళ్లు ఆగిపోతారు. కొన్నేళ్ల దాకా అయినా ఈ నంబర్ల పక్కన చట్టం పేరు తప్పకుండా ఉండాలి, ఎన్నిసార్లు వచ్చినా సరే.

ఎంత దూరం దాకా షార్ట్ ఫామ్ నడుస్తుంది అని అడుగుతుంటారు. లా రివ్యూ ఫుట్‌నోట్లకి బ్లూబుక్ ఒక లెక్క చెప్తుంది: కేసు అదే ఫుట్‌నోట్‌లోనో, అంతకుముందు ఐదు ఫుట్‌నోట్లలోపో కనిపించి ఉండాలి, లేదంటే మళ్లీ ఫుల్ సైటేషన్. కోర్టు డాక్యుమెంట్లకి అలా అంకె లేదు, ఒకే చర్చ నడుస్తున్నంతసేపు పర్లేదు. ఆ చర్చలోనే అయితే వాక్యంలో "బ్రౌన్‌లో కోర్టు చెప్పినట్టు" అని ఊరికే కేసు పేరు అనుకోవచ్చు, సైటేషన్ కూడా అక్కర్లేదు, ఫలానా పేజీ చూపించాలంటే తప్ప. నా సలహా ఏంటంటే కొత్త ఇష్యూ, కొత్త హెడ్డింగ్ మొదలైనప్పుడు ముఖ్యమైన కేసులకి ఫుల్ సైటేషన్ మళ్లీ ఇవ్వండి. జడ్జీలు సబ్మిషన్ మొదటి పేజీ నుంచి చివరి దాకా కథలా చదవరు, తమకి కావాల్సిన ఇష్యూ దగ్గరికి నేరుగా వెళ్తారు. అక్కడ మొదటి లైనే "(సుప్రా)" అని ఉంటే మళ్లీ వెనక్కి తిప్పాలి.

కేసు పేపర్లకి కూడా ఇదే సూత్రం. అనెక్షర్ పి-3, ఎగ్జిబిట్ ఏ-1, పీడబ్ల్యూ 2 (ఒక పక్షం రెండో సాక్షి), ఇంపగ్న్డ్ ఆర్డర్ (మనం సవాలు చేస్తున్న ఉత్తర్వు), ఇవీ షార్ట్ ఫామ్‌లే. మొదటిసారి అదేమిటో తేదీతో చెప్పి, ఆ తర్వాత అదే పేరుతో పిలవండి. మూడో పేజీలో "ఇంపగ్న్డ్ ఆర్డర్", ఏడో పేజీలో "సదరు ఉత్తర్వు", తొమ్మిదో పేజీలో "12వ తేదీ ఆర్డర్" అంటే ఇవి మూడు ఆర్డర్లా ఒకటా అని అనుమానం వస్తుంది.

ఇక చివరి రోజు పని. సుప్రా నోట్ నంబర్లు, (ఎన్ 3) నంబర్లు ఎప్పుడూ చేత్తో టైప్ చేయొద్దు. వర్డ్‌లో రెఫరెన్సెస్ ట్యాబ్‌లో క్రాస్ రెఫరెన్స్ అని ఉంటుంది, అందులో ఫుట్‌నోట్ ఎంచుకుని కావాల్సిన నంబర్ పెడితే అది ఫీల్డ్‌గా కూర్చుంటుంది, మధ్యలో ఫుట్‌నోట్లు చేరినా అప్‌డేట్ చేసుకోవచ్చు. అప్‌డేట్ చేయడానికి కంట్రోల్ ఏ కొట్టి ఎఫ్9 నొక్కుతారు కదా, ఇక్కడే ఒక తిరకాసు: కర్సర్ మెయిన్ టెక్స్ట్‌లో ఉండగా అలా చేస్తే ఫుట్‌నోట్ల లోపలున్న ఫీల్డ్‌లు మారవు. ఏదో ఒక ఫుట్‌నోట్‌లో క్లిక్ చేసి మళ్లీ కంట్రోల్ ఏ, ఎఫ్9 కొట్టాలి. అంతా అప్‌డేట్ అయిందనుకుని ఫైల్ చేసేసి, నంబర్లు పాతవే ఉన్నాయని తర్వాత చూసుకునేది దీనివల్లే. జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్ ఇబిడ్‌లు తనే వేస్తుంది, పుస్తకాలకీ వ్యాసాలకీ చాలావరకు సరిగ్గానే వస్తాయి. తీర్పులకి, అందులోనూ మన రిపోర్టర్లకి, ఏం వచ్చిందో కళ్లతో చూసుకోకుండా నమ్మొద్దు.

ఫీల్డ్‌లు అయ్యాక సెర్చ్ పెట్టండి. "సుప్రా" అని వెతికి ఒక్కొక్కటీ ఆగి చూడండి, ఆ కేసు ఫుల్ సైటేషన్ నిజంగా పైన ఎక్కడైనా ఉందా? ఎడిటింగ్‌లో ఒక పేరా కొట్టేసినప్పుడు అందులోని మొదటి ఫుల్ సైటేషన్ కూడా పోయి, కిందున్న సుప్రాలన్నీ అనాథలవడం మామూలే. తర్వాత "ఇబిడ్", "ఇడ్." వెతికి ఒక్కొక్కదానికీ పైనున్న ఫుట్‌నోట్ చదవండి, అందులో ఒకే ఆధారం ఉందా, అది మీరనుకున్నదేనా. ఆ తర్వాత ఇండెక్స్ ఆఫ్ అథారిటీస్, అంటే మీరు చూపించిన తీర్పులు, చట్టాలు ఏ పేజీల్లో ఉన్నాయో చెప్పే జాబితా. వర్డ్‌లో మార్క్ సైటేషన్ బాక్స్ తెరిస్తే అందులో షార్ట్ సైటేషన్‌కి విడిగా గడి ఉంటుంది, మీరు పెట్టుకున్న చిన్న పేరు అందులో ఇచ్చి మార్క్ ఆల్ కొడితే ఆ పేరున్న చోట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ఒకచోట కేశవానంద అని, ఇంకోచోట కేశవానంద భారతి అని, మరోచోట స్పెల్లింగ్ మార్చి రాసి ఉంటే కొన్ని పేజీలు ఇండెక్స్‌లోకి రావు. ఇబిడ్, ఇడ్ ఉన్న పేజీలైతే అసలే రావు, వాటిని చేత్తో మార్క్ చేసుకోవాలి. ఇదంతా పీడీఎఫ్ చేయకముందే చేయండి, పీడీఎఫ్ అయ్యాక పేజీ నంబర్ ఒక్కటి మారినా ఇండెక్స్ మళ్లీ తీయాల్సిందే.